ఉచిత డేటింగ్ సైటుకు ప్రకటనల ఆదాయం: లెక్క, చోటు, వరస, తప్పులు

సభ్యుల దగ్గర పైసా తీసుకోని డేటింగ్ సైటుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, అలాంటి సైటు నడిపేవాళ్లు ప్రకటనలు ఎలా పెట్టుకోవాలి అని చాలామంది అడుగుతున్నారు. ఇప్పటికే సైటు ఉన్నవాళ్లకూ, పెట్టబోతున్నవాళ్లకూ పనికొచ్చేలా మొత్తం వరసను ఇక్కడ రాస్తున్నాం.

ప్రకటనదారుడు డబ్బిచ్చేది సభ్యుడి చూపుకు. ఆ సభ్యుడు నిజమైన మనిషై ఉండాలి. ప్రకటన అతని తెర మీద నిజంగా కనబడాలి. అతని గుట్టు మాత్రం ప్రకటనదారుడికి చేరకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆదాయం కొన్నాళ్లు వచ్చినట్టే వచ్చి ఆగిపోతుంది. కింద చెప్పేదంతా ఈ మూడింటిని కాపాడుకునే పనే.

## 1. ముందు కాగితం మీద లెక్క వేయండి

ఈ మాటలు రోజూ వాడాల్సి వస్తుంది:

- ఇంప్రెషన్: ఒక ప్రకటన ఒకసారి చూపించడం.
- సీపీఎమ్: వెయ్యి ఇంప్రెషన్లకు వచ్చే ధర.
- సీపీసీ: ఒక క్లిక్‌కు వచ్చే ధర.
- సీపీఏ: ప్రకటన చూసినవాళ్లు అవతలి సైటులో చేరడమో, కొనడమో చేస్తే వచ్చే మొత్తం.
- ఫిల్ రేటు: మీరు అడిగిన ప్రతి వంద ప్రకటనల్లో ఎన్ని వచ్చాయన్నది.
- ఆర్‌పీఎమ్: వెయ్యి పేజీలు తెరిస్తే మీ చేతికి అందే మొత్తం. మీకు అసలైన కొలత ఇదే.

రోజు ఆదాయానికి సూత్రం: రోజూ వచ్చే సభ్యులు × ఒక్కొక్కరు తెరిచే పేజీలు × పేజీకి ప్రకటన చోట్లు × ఫిల్ రేటు × సీపీఎమ్ ÷ 1000.

ఉదాహరణకు రోజుకు 10,000 మంది వస్తున్నారు, ఒక్కొక్కరు 25 పేజీలు తెరుస్తున్నారు, పేజీకి 2 చోట్లు, ఫిల్ రేటు 80 శాతం, సీపీఎమ్ అర డాలరు అనుకుందాం. 5,00,000 సార్లు ప్రకటన అడుగుతారు, 4,00,000 ఇంప్రెషన్లు వస్తాయి, రోజుకు 200 డాలర్లు.

ఇప్పుడు సైటును కొత్తగా మలిచి, పేజీ మారకుండా వేలితో తోసుకుంటూ పోయే పద్ధతి పెట్టారనుకోండి. పేజీలు 25 నుంచి 6కు పడితే అదే జనం, అదే ధర మీద రోజుకు 48 డాలర్లే. సైటు అందంగా మారింది, సభ్యులు సంతోషంగా ఉన్నారు, ఆదాయం మాత్రం నాలుగో వంతుకు దిగింది. అందుకే తెరలు మార్చే ప్రతిసారీ ఈ సూత్రాన్ని మళ్లీ లెక్కకట్టాలి.

ఖర్చునూ ఇదే కొలతలోకి మార్చండి. సర్వర్లు, ఫొటోల బట్వాడా, ఫొటోలు తనిఖీ చేసేవాళ్ల జీతాలు కలిపి వెయ్యి పేజీలకు ఎంతవుతోందో చూడండి. ఆర్‌పీఎమ్ దానికంటే తక్కువైతే జనం పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. డేటింగ్ సైటులో ఫొటోల బరువే పెద్ద ఖర్చు కాబట్టి చిన్న బొమ్మలను వెబ్‌పీ లాంటి తేలిక రూపంలో పంపడం, పెద్దది నొక్కినప్పుడే తేవడం మొదటి రోజు నుంచే చేయాలి.

2003లో మొదలైన ప్లెంటీ ఆఫ్ ఫిష్ అనే ఉచిత డేటింగ్ సైటు తొలి ఏళ్లలో ప్రకటనల మీదే నిలబడటానికి ముఖ్య కారణం ఈ ఖర్చు వైపే ఉంది. వ్యవస్థాపకుడు మార్కస్ ఫ్రిండ్ కొన్నేళ్లపాటు దాదాపు ఒక్కరే దాన్ని నడిపారు. ధర తక్కువైనా, పేజీలు విపరీతంగా ఉండి ఖర్చు అతి తక్కువగా ఉంటే లెక్క కుదురుతుంది.

డేటింగుకు ఉన్న చిక్కు మరొకటి: జోడీ దొరికినవాళ్లు వెళ్లిపోతారు. సైటు తన పని బాగా చేసినకొద్దీ పాత సభ్యులు తగ్గుతారు. కాబట్టి వారానికి ఎంతమంది కొత్తగా చేరుతున్నారు, ఎంతమంది రావడం మానేశారు అన్న రెండు అంకెలు లెక్కలో పక్కపక్కనే ఉండాలి.

## 2. ప్రకటన కోడ్ పెట్టకముందు చేయాల్సినవి

జనం. ఒక ఊరిలో కొత్తగా చేరినవాళ్లు వెతికితే, గత 30 రోజుల్లో సైటుకు వచ్చిన సభ్యులతో కనీసం రెండు మూడు పేజీలు నిండాలి. అంతవరకు ఆ ఊరివాళ్లకు ప్రకటనలు చూపకండి. ఖాళీ ఫలితాల మధ్య ప్రకటన కనిపిస్తే సైటు చచ్చిపోయిందన్న అభిప్రాయం కలుగుతుంది, వచ్చే నాలుగు సెంట్లకు ఒక సభ్యుణ్ని పోగొట్టుకుంటారు. దేశమంతా ఒకేసారి తెరవకుండా ఊరూరుగా పోవడం మంచిది.

ఫొటోలు, రాతలు. సభ్యులు పెట్టినదైనా సరే, పేజీలో ఉన్నదానికి బాధ్యులు మీరేనని ప్రకటన నెట్‌వర్కుల (ప్రకటనదారులకూ సైట్లకూ మధ్య నిలబడి చోట్లు అమ్మిపెట్టే సంస్థల) నియమాలు చెబుతాయి. ఒక్క నగ్న చిత్రం ఉన్న ప్రొఫైలు చాలు, ఆ పేజీకి, ఒక్కోసారి సైటు మొత్తానికి ప్రకటనలు ఆగిపోతాయి. కాబట్టి ఫొటో తనిఖీ అయ్యాకే బయట కనబడాలి. తనిఖీ పూర్తికాని ప్రొఫైలు పేజీలో ప్రకటన కోడే లోడ్ కాకుండా చూసుకోండి. తిరస్కరించిన ఫొటోల హ్యాష్‌లు (ఫొటోకు వేలిముద్ర లాంటి సంఖ్యలు) దాచిపెడితే అదే బొమ్మ మళ్లీ వచ్చినప్పుడు మనిషి చూడనక్కర్లేకుండానే ఆపేయొచ్చు.

దొంగ ప్రొఫైళ్లు, బాట్లు (మనుషుల్లా సైటు వాడే ప్రోగ్రాములు). ఇవి సభ్యులనే కాదు, మీ ఖాతానూ ముంచుతాయి. బాట్లు తెరిచిన పేజీల మీద వచ్చిన ఇంప్రెషన్లను నెట్‌వర్కు చెల్లనివిగా లెక్కకట్టి డబ్బు వెనక్కి తీసుకుంటుంది. అది తరచూ జరిగితే ఖాతా మూసేస్తుంది. ఫోన్ నంబరు ధ్రువీకరణ, ఒకే ఐపీ చిరునామా నుంచి నమోదుల మీద పరిమితి, నిమిషానికి తెరిచే ప్రొఫైళ్ల మీద పరిమితి పెట్టండి. అనుమానం ఉన్న ఖాతాను ఇంకా తొలగించకపోయినా, దానికి ప్రకటనలు పంపడం మాత్రం వెంటనే ఆపండి.

వెబ్ చిరునామాలు. దీన్ని పట్టించుకోనివాళ్లు ఎక్కువ. పేజీ చిరునామాలో ఈమెయిలు, పూర్తి పేరు, ఫోన్ నంబరు ఉంటే ప్రకటన కోడ్ ద్వారా అవి అవతలికి చేరతాయి. గూగుల్ దీన్ని నిషేధించింది, ఇలాంటివి కనబడితే హెచ్చరిక పంపుతుంది. ప్రొఫైలు చిరునామాలో అర్థంలేని అంతర్గత సంఖ్య మాత్రమే ఉండాలి. నమోదు, వెతుకులాట ఫారాలు పోస్ట్ పద్ధతిలో (నింపిన వివరాలు చిరునామాలోకి రాకుండా) పంపాలి. పాస్‌వర్డ్ మార్చే పేజీలో బయటివాళ్ల కోడ్ ఏదీ ఉండకూడదు. రెఫరర్ పాలసీ హెడర్‌ను (సభ్యుడు ఏ పేజీ నుంచి వచ్చాడో బయటి సైట్లకు ఎంత చెప్పాలన్న అమరికను), బయటి సైట్లకు డొమైన్ పేరు మాత్రమే వెళ్లేలా అమర్చండి.

లాగిన్ గోడ. డేటింగ్ సైటులో చాలా పేజీలు లాగిన్ వెనుక ఉంటాయి. ప్రకటన నెట్‌వర్కు క్రాలర్ (పేజీలు చదివి చూసే ప్రోగ్రాం) అక్కడికి రాలేకపోతే పేజీలో ఏముందో తెలియక సంబంధంలేని, తక్కువ ధర ప్రకటనలు పంపుతుంది. గూగుల్ ప్రకటన నెట్‌వర్కు అయిన యాడ్‌సెన్స్‌లో క్రాలర్‌కు లాగిన్ ఇచ్చే అమరిక ఉంది. దానికోసం నిజమైన సభ్యుల వివరాలు కనబడని ఒక పరీక్ష ఖాతా తయారుచేసి ఇవ్వండి. రోబోట్స్ ఫైలులో (ఏ క్రాలర్ ఎక్కడికి రావచ్చో చెప్పే ఫైలులో) మీడియాపార్ట్‌నర్స్-గూగుల్ అనే క్రాలర్‌ను అడ్డుకోలేదని చూసుకోండి.

యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ. మీ ప్రకటన చోట్లను అమ్మే హక్కు ఎవరికుందో చెప్పే ఫైలు ఇది. డొమైన్ మూలంలోనే (సైటు పేరు వెంటనే వచ్చే చిరునామాలో) ఉండాలి. ఒక్కో వరసలో కామాలతో విడదీసిన వివరాలు ఉంటాయి: అమ్మే సంస్థ డొమైన్, అందులో మీ ఖాతా సంఖ్య, నేరుగానా లేక మధ్యవర్తి ద్వారానా అన్నది, ధ్రువీకరణ సంఖ్య ఉంటే అది. ఖాతా సంఖ్యలో ఒక్క అంకె తప్పినా చాలామంది ప్రకటన కొనుగోలుదారులు మీ చోట్ల వేలంలోకే రారు. యాప్ ఉంటే దానికి విడిగా యాప్-యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ కావాలి.

అనుమతి తెర. కుకీలకు, సమాచార వాడకానికి సభ్యుడి ఒప్పుదల అడిగే తెర ఇది. ఐరోపా ఆర్థిక ప్రాంతం, బ్రిటన్ నుంచి సభ్యులు వస్తుంటే, సభ్యుడి సమాచారాన్ని బట్టి చూపే గూగుల్ ప్రకటనలకు 2024 జనవరి నుంచి గూగుల్ ధ్రువీకరించిన అనుమతి సేకరణ వ్యవస్థ తప్పనిసరి. “ఒప్పుకోను” అన్న బొత్తాం కూడా “ఒప్పుకుంటాను” అంత స్పష్టంగానే ఉండాలి.

కోడ్ పెట్టే రోజు సరిచూసుకోవాల్సిన పట్టిక:

- [ ] నమోదులో పుట్టినతేదీ అడుగుతున్నాం, 18 ఏళ్లు నిండనివాళ్లను ఆపుతున్నాం
- [ ] గోప్యతా విధానంలో ప్రకటనలు, కుకీల సంగతి, భాగస్వాముల జాబితా ఉన్నాయి
- [ ] తనిఖీ కాని ఫొటో ఉన్న పేజీలో ప్రకటన రాదు
- [ ] ఏ చిరునామాలోనూ ఈమెయిలు, పేరు, ఫోన్ లేవు
- [ ] యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ బ్రౌజరులో తెరుచుకుంటోంది, ఖాతా సంఖ్య సరిపోలింది
- [ ] ఫిర్యాదు బొత్తాం ప్రతి ప్రొఫైలు మీద ఉంది, దాన్ని చూసే మనిషి ఉన్నారు

## 3. ఎవరి ప్రకటనలు, ఏ వరసలో

మొదట ఒకే ఒక నెట్‌వర్కుతో మొదలుపెట్టండి. యాడ్‌సెన్స్ లాంటిదైతే కోడ్ పెట్టడం తేలిక, అమ్మకందార్లతో మాట్లాడే పని లేదు. మీ ఊళ్లకు, మీ పేజీలకు బజారు ధర ఎంతో ఒకటి రెండు నెలల్లో తెలుస్తుంది. ఆ ధర తెలియకుండా ఎవరితోనూ బేరం ఆడొద్దు.

రెండో దశలో సీపీఏ ఒప్పందాలు. బట్టలు, సుగంధాలు, ప్రయాణాలు, పూలు, బహుమతులు, వ్యాయామం ఈ జనానికి నప్పుతాయి. ఒప్పందానికి ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా తెచ్చుకోండి: క్లిక్ తర్వాత ఎన్ని రోజుల్లోపు జరిగిన కొనుగోలు మీ లెక్కలోకి వస్తుంది, రద్దైన కొనుగోళ్లను ఎప్పుడు తీసేస్తారు, చెల్లింపు ఎన్ని రోజులకు. వచ్చిన మొత్తాన్ని ఇంప్రెషన్లతో భాగించి వెయ్యికి ఎంత పడిందో చూడండి. అది నెట్‌వర్కు సీపీఎమ్ కంటే తక్కువైతే రెండు వారాల్లో తీసేయండి.

మూడోది హెడర్ బిడ్డింగ్. ఒకే చోటుకు చాలామంది కొనుగోలుదారులు ఒకేసారి ధర చెబుతారు, ఎక్కువ చెప్పినవాళ్లకు చోటు పోతుంది. ప్రీబిడ్ అనే ఉచిత కోడ్‌తో దీన్ని అమర్చుకోవచ్చు. ముగ్గురు కొనుగోలుదారులతో మొదలుపెట్టి, ఎదురుచూసే గడువు 1,000 మిల్లీసెకన్లకు మించనివ్వకండి. కొనుగోలుదారులను పదిమందికి పెంచితే ధర కొద్దిగానే పెరుగుతుంది, పేజీ మాత్రం బాగా నెమ్మదిస్తుంది.

నేరుగా అమ్మడం అన్నిటికంటే లాభసాటి, అన్నిటికంటే శ్రమ. ఊరు, వయసు వర్గం, సమయం చెప్పి అమ్మగలగడం మీ బలం. ఒప్పంద పత్రంలో తేదీలు, ఇంప్రెషన్ల సంఖ్య, ఒక సభ్యుడికి రోజుకు గరిష్ఠంగా ఎన్నిసార్లు చూపాలన్న పరిమితి, ఎవరి లెక్క ఖాయం అన్నది ఉండాలి. మీ సర్వరు లెక్కకూ వాళ్ల లెక్కకూ తేడా వస్తుంది. 10 శాతం వరకు తేడాను ఈ వ్యాపారంలో మామూలుగా సర్దుకుంటారు. దాన్ని ముందే రాసుకుంటే చివర్లో గొడవ ఉండదు.

## 4. పేజీలవారీగా చోటు నిర్ణయించడం

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. సభ్యుడు ఒక పని ముగించి తర్వాతి పని ఎంచుకునే చోట ప్రకటన ఉండాలి. పని మధ్యలో అడ్డం పడితే చిరాకు పుడుతుంది, వేలు తగిలి పొరపాటు క్లిక్కులూ వస్తాయి.

వెతుకులాట ఫలితాలు. ఇవే మీకు బంగారు చోట్లు. మొదటి 8 ప్రొఫైళ్ల తర్వాత ఒకటి, ఆ తర్వాత ప్రతి 10–12 ప్రొఫైళ్లకు ఒకటి. ప్రకటనకు వేరే నేపథ్య రంగు, పైన “ప్రకటన” అన్న మాట తప్పనిసరి. ప్రొఫైలు కార్డు లాగే గుండ్రటి ఫొటో, అదే అక్షరాలు, అదే బొత్తాలు పెట్టొద్దు. క్లిక్కులు పెరిగినట్టు కనిపిస్తాయి కానీ అవి మోసపోయి చేసిన క్లిక్కులు. ప్రకటనదారుడికి ఫలితం రాదు, కొన్ని వారాల్లో ధర పడిపోతుంది, నియమ ఉల్లంఘన కింద ఖాతాకూ ముప్పే.

ప్రొఫైలు పేజీ. కంప్యూటరులో కుడి పక్కన 300×250 గానీ 300×600 గానీ. ఫోనులో మొదటి ఫొటో, పరిచయం అయ్యాక 300×250. ఫొటోల వరస మధ్యలో ఎప్పుడూ వద్దు. లైక్, సందేశం బొత్తాలకూ ప్రకటనకూ మధ్య కనీసం 50 పిక్సెళ్ల ఖాళీ వదలండి. బొటనవేలు తిరిగే కింది భాగంలో అంతకంటే ఎక్కువ వదిలినా తప్పులేదు.

తోసుకుంటూ పోయే కార్డులు. ప్రతి 10–15 కార్డులకు ఒక ప్రకటన కార్డు. దాన్నీ ఒక్క తోపుతో దాటగలగాలి. వెనకాల ముందే తెచ్చిపెట్టుకున్న ప్రకటన తెర మీదికి వచ్చాకే లెక్కలోకి వెళ్లేలా చూడండి. కనబడకుండానే లెక్కపడితే వ్యూయబిలిటీ (నిజంగా తెర మీద కనబడిన ప్రకటనల శాతం) పడిపోతుంది. బొమ్మ ప్రకటనలో కనీసం సగం పిక్సెళ్లు ఒక సెకను, వీడియోలో సగం పిక్సెళ్లు రెండు సెకన్లు తెర మీద ఉంటేనే చూసినట్టు లెక్క. కొనుగోలుదారులు ధర చెప్పే ముందు ఈ శాతం చూస్తారు.

సందేశాల జాబితా. పైన ఒకటి చాలు: కంప్యూటరులో 728×90, ఫోనులో 320×50. ఈ పేజీకి సభ్యులు రోజుకు చాలాసార్లు వస్తారు కాబట్టి ఒక్క చోటే మంచి ఆదాయం ఇస్తుంది.

ఇద్దరి సంభాషణ తెర. ఇక్కడ ప్రకటన వద్దు. ఇద్దరు మనసు విప్పి మాట్లాడుకునే చోటు అది. తమ మాటలు ఎవరో చదువుతున్నారన్న అనుమానం ఒక్కసారి పుడితే తిరిగి పోదు. చాట్ తెరల మీద నెట్‌వర్కుల ఆంక్షలూ ఉంటాయి. కీబోర్డు పైకి వచ్చినప్పుడు ప్రకటన వేలికిందికి జరిగే సాంకేతిక సమస్య వేరే.

నమోదు, లాగిన్, ధన్యవాదాలు, దోషం చూపే పేజీలు. వీటిలో చదవడానికి ఏమీ ఉండదు, అందుకే నెట్‌వర్కులు ఒప్పుకోవు. నమోదు పేజీలో ప్రకటన పెట్టడమంటే లోపలికి వస్తున్నవాళ్లను గుమ్మం నుంచే వెనక్కి పంపడం.

ఈమెయిళ్లు. యాడ్‌సెన్స్ కోడ్ ఈమెయిళ్లలో పెట్టకూడదు. నేరుగా అమ్మిన ప్రకటనకు మామూలు బొమ్మ, లింకు పెట్టుకోవచ్చు. అయినా ఈమెయిలు అసలు పని సభ్యుణ్ని సైటుకు తిరిగి రప్పించడం. ఆ లింకు పైన, ప్రకటన కింద ఉండాలి.

అన్ని పేజీలకూ వర్తించేవి కొన్ని ఉన్నాయి. ప్రకటన రాకముందే దాని ఎత్తుకు ఖాళీ పెట్టె కేటాయించండి. లేకపోతే ప్రకటన వచ్చినప్పుడు పేజీ కిందికి జారి, లైక్ నొక్కబోయిన వేలు ప్రకటన మీద పడుతుంది. ఫోనులో ప్రకటనల ఎత్తు అసలు విషయం ఎత్తులో 30 శాతం దాటితే, పాప్-అప్‌లు పెడితే, శబ్దంతో వీడియో దానంతటదే మోగితే బెటర్ యాడ్స్ ప్రమాణాలు (చిరాకు పెట్టే ప్రకటనల మీద పరిశ్రమ పెట్టుకున్న నియమాలు) తప్పినట్టు. పదేపదే తప్పే సైట్లలో క్రోమ్ బ్రౌజరు 2018 నుంచి ప్రకటనలన్నిటినీ ఆపేస్తోంది. ఒకే చోట ప్రకటనను కాసేపటికోసారి మార్చడం యాడ్‌సెన్స్‌లో కుదరదు. గూగుల్ యాడ్ మేనేజరులో (సైట్లు తమ ప్రకటన చోట్లన్నీ నడుపుకునే గూగుల్ సేవలో) ఆ సంగతి ముందే ప్రకటించి, కనీసం 30 సెకన్ల విరామంతో చేయొచ్చు.

వీడియో చూస్తే అదనంగా లైకులిచ్చే పద్ధతి యాప్‌లలో బాగా పనిచేస్తుంది. అయితే బహుమతి ప్రకటనల కోసం ప్రత్యేకంగా చేసిన రూపంలోనే పెట్టాలి. మామూలు బ్యానరు పక్కన “ఇది నొక్కితే లైకులు” అని రాస్తే ఖాతా పోయినట్టే.

## 5. ఏ సమాచారం పంపవచ్చు, ఏది పంపకూడదు

సభ్యులు మీకు చెప్పినన్ని సంగతులు సొంతవాళ్లకు కూడా చెప్పరు. ప్రకటనల ధర పెంచుకోవడానికి వాటిని అమ్ముకోవాలనే ఆశ చాలా బలంగా ఉంటుంది. ఇక్కడ గట్టిగా గీత గీసుకోండి.

నార్వే సమాచార రక్షణ సంస్థ 2021 డిసెంబరులో స్వలింగ సంపర్కులు ఎక్కువగా వాడే డేటింగ్ యాప్ గ్రైండర్‌కు 6.5 కోట్ల నార్వే క్రోనర్ల జరిమానా వేసింది. సరైన అనుమతి లేకుండా సభ్యుల జీపీఎస్ స్థానం, ఐపీ చిరునామా, ప్రకటన గుర్తింపు సంఖ్య, వయసు, లింగం వంటివి ప్రకటన భాగస్వాములకు ఇచ్చిందన్నది కారణం. ఫలానా మనిషి ఆ యాప్‌లో ఉన్నాడన్న ఒక్క విషయమే అతని లైంగిక అభిరుచిని బయటపెడుతుందని ఆ సంస్థ తేల్చింది. ఐరోపా సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 9వ అధికరణం కింద అది ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారం. ఒక వర్గానికే పరిమితమైన డేటింగ్ సైటు నడిపేవాళ్లు ఈ తీర్పును రెండుసార్లు చదవాలి, మీ డొమైన్ పేరే ఒక రహస్యాన్ని చెప్పేస్తుండవచ్చు.

- పంపవచ్చు, అనుమతి ఉంటే: వయసు వర్గం (18–24, 25–34 వంటివి), ఊరు లేదా జిల్లా స్థాయి ప్రాంతం, భాష, పేజీ రకం.
- అనుమతి ఉన్నా పంపొద్దు: లైంగిక అభిరుచి, మతం, ఆరోగ్యం, రాజకీయాలు, కచ్చితమైన జీపీఎస్ స్థానం, సందేశాల పాఠం, ఫొటోలు, సభ్యుడి అంతర్గత సంఖ్య.

సభ్యుడు వద్దంటే పేజీ రకాన్ని, ప్రాంతాన్ని బట్టి వచ్చే ప్రకటనలు చూపండి. ధర తగ్గుతుంది కానీ చోటు ఖాళీగా పోదు. ఐఫోన్ యాప్‌లో ఐఓఎస్ 14.5 వెర్షన్ నుంచి ట్రాకింగ్ అనుమతి (ఇతర యాప్‌లు, సైట్లలోనూ సభ్యుణ్ని వెంబడించడానికి) ఎలాగూ అడగాల్సిందే కాబట్టి, అనుమతి లేని ప్రకటనల దారి సిద్ధంగా ఉండాలి.

నెలకోసారి బ్రౌజరు డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబు తెరిచి, ప్రొఫైలు పేజీ నుంచి బయటికి వెళ్లే అభ్యర్థనలన్నీ చూడండి. మీకు తెలియని డొమైన్ కనబడితే అది ఎవరిదో తేలేదాకా ఆ భాగస్వామిని ఆపండి.

## 6. పోటీ డేటింగ్ సైట్ల ప్రకటనలు: రానివ్వాలా?

మీ సైటులో అందరికంటే ఎక్కువ ధర ఇచ్చేది తరచుగా డబ్బు తీసుకునే డేటింగ్ సైట్లే. వాళ్లకు కావాల్సిన జనం మీ దగ్గరే ఉన్నారు మరి. పూర్తిగా ఆపేస్తే ఆదాయం పడుతుంది, పూర్తిగా తెరిస్తే మీ సభ్యులనే అమ్మేసుకున్నట్టవుతుంది.

సభ్యుల స్థితిని బట్టి విడదీయండి. చేరి 14 రోజులు కానివాళ్లకు, వారంలో సందేశాలు అందుకున్నవాళ్లకు పోటీ సైట్ల ప్రకటనలు వద్దు. వీళ్లే మీ సైటును బతికించేవాళ్లు. తన ప్రాంతంలో ఫలితాలు అయిపోయినవాళ్లకు, నెల రోజులుగా ఒక్క జవాబూ రానివాళ్లకు చూపండి. వాళ్లు ఎలాగూ వెళ్లేవాళ్లే, అక్కడ దొరికే అవకాశం వాళ్లకూ మేలు చేయొచ్చు.

యాడ్‌సెన్స్ సున్నిత వర్గాల జాబితాలో డేటింగ్ విడిగా ఉంటుంది, అక్కడ ఆపుకోవచ్చు. అది సైటు స్థాయి అమరిక కాబట్టి, సభ్యులవారీ విభజన కావాలంటే నేరు ఒప్పందాన్ని మీ సొంత ప్రకటన సర్వరులో నడపాలి. వయోజన వినోదం, “త్వరగా డబ్బు” రకం, అద్భుత మందుల ప్రకటనలను మాత్రం ఎంత ధరకైనా రానివ్వొద్దు. ప్రేమ పేరుతో మోసాలు జరిగే రంగం ఇది. పక్కనే అలాంటి ప్రకటన ఉంటే మీ నిజమైన ప్రొఫైళ్లనూ నమ్మరు.

## 7. ఆరు వారాల అమలు వరస

1. మొదటి వారం: ప్రకటనలు లేవు. సభ్యుడికి పేజీలు, పంపిన సందేశాలు, 7 రోజుల తర్వాత తిరిగి వచ్చినవాళ్ల శాతం, పేజీ వేగం కొలిచి రాసుకోండి. ఇవి లేకపోతే తర్వాతి ఏ అంకెకూ అర్థం ఉండదు.
2. రెండో వారం: 10 శాతం సభ్యులకు, వెతుకులాట ఫలితాల్లో ఒకే చోటు.
3. మూడో వారం: అదే చోటు 50 శాతానికి. తిరిగి వచ్చేవాళ్ల శాతం మిగతా సగంతో పోల్చండి.
4. నాలుగో వారం: ప్రొఫైలు పేజీ చోటు చేర్చండి, మళ్లీ 10 శాతంతోనే మొదలు.
5. అయిదో వారం: సందేశాల జాబితా చోటు. వ్యూయబిలిటీ 50 శాతం దాటని చోటును జరపండి లేదా తీసేయండి.
6. ఆరో వారం: అందరికీ తెరవండి. 5 శాతం మందికి మాత్రం ప్రకటనలు ఎప్పటికీ చూపకండి. ప్రకటనల వల్ల సభ్యులు ఎంత తగ్గుతున్నారో వాళ్లతో పోల్చితేనే తెలుస్తుంది.

ఒకే వారంలో రెండు మార్పులు చేయొద్దు. పంపిన సందేశాలు పడిపోతే, ఆదాయం ఎంత బాగున్నా వెనక్కి వెళ్లండి. డేటింగ్ సైటులో సందేశాలు తగ్గిన కొన్ని వారాలకే జనమూ తగ్గుతారు.

## 8. ఆదాయం పడిపోతే ఎక్కడ వెతకాలి

ఫిల్ రేటు ఒక్కసారిగా కూలింది. యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ పోయిందేమో చూడండి, సర్వరు మార్చినప్పుడు అది మాయమవడం మామూలే. తర్వాత విధాన హెచ్చరికల పేజీ, ఆపైన అనుమతి తెర పనిచేస్తోందా అన్నది.

క్లిక్కులు పెరిగాయి, డబ్బు పెరగలేదు. పొరపాటు క్లిక్కులు. ఈ మధ్య జరిగిన తెర మార్పును చూడండి, బొత్తాల పక్కన ఖాళీ తగ్గి ఉంటుంది.

నెలాఖరు మొత్తం రోజువారీ అంచనా కంటే బాగా తక్కువ. చెల్లని ట్రాఫిక్ కోత. సర్వరు లాగ్‌లలో అతి తక్కువ సమయంలో వందల ప్రొఫైళ్లు తెరిచిన ఖాతాలు వెతకండి. ఎవరి దగ్గరైనా సందర్శకులను కొని ఉంటే ముందుగా అది ఆపండి. చవకగా అమ్మే ట్రాఫిక్‌లో బాట్లే ఎక్కువ.

ఇంప్రెషన్లు ఉన్నాయి, సీపీఎమ్ మెల్లగా దిగుతోంది. ఒకే మనిషి రోజుకు వందల ప్రకటనలు చూస్తున్నాడు. ధర వచ్చేది మొదటి కొన్నిటికే. వంద పేజీలు దాటినవాళ్లకు చోట్లు సగానికి తగ్గించి చూడండి. ఆదాయం దాదాపు అంతే ఉండి, సగటు ధర పెరుగుతుంది.

ఒకే పేజీకి ప్రకటనలు ఆగాయి. ఆ పేజీలోని ఫొటో లేదా పరిచయం కారణం. దాన్ని సరిదిద్దాకే పునఃపరిశీలన కోరండి. సరిదిద్దకుండా పదేపదే అడిగితే తర్వాతి విన్నపాల విలువ తగ్గుతుంది.

ప్రకటన అడ్డుకునే బ్రౌజరు పొడిగింపులు (యాడ్ బ్లాకర్లు). వాటితో యుద్ధం వద్దు. ఒక చిన్న కోరిక పెట్టె చూపి, కాదంటే వదిలేయండి. అలాంటివాళ్లకు ప్రకటనలు లేని చౌక చందా నప్పుతుంది.

చందా మాట వచ్చింది కాబట్టి: టిండర్ నడిపే మ్యాచ్ గ్రూప్ లాంటి పెద్ద సంస్థల లెక్కల్లో ఆదాయం దాదాపు అంతా చందాలు, విడి కొనుగోళ్ల నుంచే వస్తోంది, ప్రకటనల వంటి పరోక్ష ఆదాయం 2 శాతం చుట్టూ ఉంటుంది. వెతకడం, చూడడం, సందేశం పంపడం, జవాబివ్వడం ఉచితంగానే ఉంచండి. ప్రకటనలు తీసేయడం, ప్రొఫైలు పైకి చూపించడం వంటివి మాత్రమే అమ్మండి. సందేశానికి డబ్బు పెట్టిన రోజున పేజీలు తగ్గి ప్రకటనల లెక్క మొత్తం తారుమారవుతుంది.

## 9. రుతువులు, చెల్లింపులు

డేటింగ్ సైట్లకు జనం పోటెత్తేది జనవరి మొదటి వారాల్లో. ప్రకటనల ధరలు బాగా పడిపోయేదీ అప్పుడే, ఎందుకంటే ఏడాది చివర బడ్జెట్లన్నీ ఖర్చైపోయి కొత్తవి మొదలవుతుంటాయి. జనవరిలో సర్వరు ఖర్చు పెరిగి ఆర్‌పీఎమ్ తగ్గుతుంది, దీనికి డిసెంబరులోనే డబ్బు పక్కన పెట్టుకోవాలి. నేరుగా అమ్మే ఒప్పందాలను జనవరి–ఫిబ్రవరికి అక్టోబరులోనే మాట్లాడుకుంటే ఈ గుంట చాలావరకు పూడుతుంది. ప్రేమికుల రోజుకు ముందు రెండు వారాల చోట్లను నెట్‌వర్కుకు వదలకుండా నేరుగా అమ్మడానికి అట్టిపెట్టుకోండి.

యాడ్‌సెన్స్ ఒక నెల ఆదాయాన్ని తర్వాతి నెల 21–26 తేదీల మధ్య చెల్లిస్తుంది, ఖాతాలో 100 డాలర్లు చేరాకే. కొన్ని నెట్‌వర్కులు 60 రోజులు, సీపీఏ సంస్థలు కొన్ని 90 రోజులు తీసుకుంటాయి. జనవరి 1న చూపిన ప్రకటనకు డబ్బు ఏప్రిల్‌లో రావచ్చు, సర్వరు బిల్లు మాత్రం ఫిబ్రవరిలోనే కట్టాలి. కాబట్టి కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో లేకుండా ఉద్యోగులను తీసుకోవద్దు. తెరపై కనిపించే అంచనాలో చెల్లని ట్రాఫిక్ కోతకు కొంత తీసేసి, మిగిలిన అంకె మీదే నెల ప్రణాళిక వేసుకోండి.